మేర

చీమకుర్తి క్వారీలో
రాళ్ల మేర రాసేవాణ్ణి నేను.
పొడవు, వెడల్పు, ఎత్తు,
రాతి నొసట తెల్ల పెయింటుతో మూడు అంకెలు.
యాభైమూడేళ్లొచ్చాక ఇప్పుడు
సాయంత్రం ఆరింటి పొదిలి బస్సెక్కి
ఒంగోలు పోతన్నా, ఫ్రెంచి నేర్చుకోడానికి.

"నీకేం పొయ్యేకాలం" అంది రవణమ్మ.
టిఫిను డబ్బా మాత్రం కట్టింది.

కర్నూలు రోడ్డులో టైలరు కొట్టు పైన గది.
కింద కుట్టుమిషను,
పైన ఫిలోమినా మేడం,
నా కూతురికన్నా రెండేళ్లు చిన్నది.
చుట్టూ నర్సింగు పిల్లలు.
బెంచీ కింద నా మోకాళ్లు పట్టవు.

మొదటి పాఠం, రాసినవన్నీ పలకగూడదంట.
ఇదేం న్యాయమమ్మా, అన్నా.
మా బళ్లో దీర్ఘం మింగితే తొడపాశం పెట్టేవాళ్లు.
కొమ్ముకి కొమ్ము, ఏత్వానికి ఏత్వం,
ప్రతిదీ నోరు తెరిచి తీరాల్సిందే.
ఇక్కడేమో మాట చివర ముగ్గురు నలుగురు
పెళ్లికొచ్చి పలకరించని వియ్యాలవారిలా
మూతి ముడుచుకుని కూర్చున్నారు.
"ఉండనీండి, వాళ్లకీ పనుంది" అంది మేడం.

రాయి ఆడదంట. సుత్తి మగాడంట.
మన భాషలో రాయీ అదే, రవణమ్మా అదే.
ఆ సంగతి ఇంట్లో చెప్పి చూశా.
రెండు రోజులు కూరలో ఉప్పు లేదు.

"ర" ఒక్కటే తేలిగ్గా వచ్చింది.
గొంతు అడుగున గీరుకుంటా రావాలి.
పిల్లలు పుక్కిలించి పుక్కిలించి అలిసిపోయారు.
నేను ఊరికే నోరు తెరిచా.
"త్రె బియాన్, మొసియో!"
మేడం చప్పట్లు కొట్టింది.
ముప్పై ఏళ్ల రాతిపొడి లోపల ఎక్కడ పేరుకుందో
ఆ పిల్లకి తెలియదు.
నేనూ చెప్పలా.
వచ్చిన మెచ్చుకోలు పోగొట్టుకుంటామా.

"పోవడం" దగ్గర కూలబడ్డా.
ఒక్క మాట, మనిషి మనిషికీ మొహం మారుస్తది.
గదిలో వచ్చింది
సంతనూతలపాడు దాటేలోగా పోయేది.
నాలుగు నెలల్లో నాలుగుసార్లు మానేశా.

తొంభై దగ్గర క్లాసంతా గొల్లుమంది.
తొంభై అంటే నాలుగిరవైల పదంట.
పిల్లలు పెన్నులు పడేశారు.
నాకు మా అవ్వ కనబడింది,
సందేళ దొడ్డి వాకిట్లో కర్ర అడ్డం పెట్టి.
ఇరవై గొర్రెలు లోపలికి పోతే
కొంగులో ఒక గులకరాయి.
నాలుగు రాళ్లు, మీద పది.
తొంభై అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలా.
అవ్వా, నువ్వు లెక్కబెట్టింది ఫ్రెంచిలోనంటే!
ఆ రోజు అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే.

ఎందుకింత తంటా, అని అడిగింది మేడం.
చెప్పా.
మూడేళ్ల కింద ఒక ముసలి ఫ్రెంచాయన వచ్చాడు.
చుక్కల నల్లరాయి ఒకటి ఎంచుకుని, నీళ్లు చల్లించి,
అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.
ఏదో అన్నాడు.
చివర "ల మేర్" అని వినబడింది.
నా మాట, ఆయన నోట!
కొలత అడుగుతున్నాడనుకుని గబగబా టేపు లాగా.
ఆయన తల అడ్డంగా ఊపి,
కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
"సరుకు ఓకే అంటన్నాడు" అన్నాడు దుబాసీ కుర్రాడు.
అంత పొడుగు మాటకి అంత పొట్టి అర్థమా?
అప్పట్నించీ చెవిలో అట్టాగే ఉంది,
కంట్లో నలుసులాగా.

మేడం బోర్డు మీద రెండు మాటలు రాసింది.
ఒకటి సముద్రం.
ఇంకోటి అమ్మ.
చెవికి రెండూ మేరే.
తేడా అంతా నెత్తిన చిన్న గీత,
చివర నోరెత్తని ఒక అక్షరం.
"ఆయన ఏదన్నాడో వింటే తేలదు, మొసియో.
రాసిచ్చి ఉంటే చెప్పేదాన్ని."

సముద్రం ఒడ్డున ఇంటికి పోయిందో ఆ రాయి,
అమ్మ తలాపునే నిలబడిందో.

రాత్రి బస్సులో టికెట్టు వెనక
రెండూ రాసి చూసుకున్నా.
పలకని ఆ అక్షరాన్ని
రెండుసార్లు దిద్దా.
కండక్టరు లైటార్పేశాడు.

పొద్దున కొత్త బ్లాకు దించారు.
టేపు పట్టుకున్న కుర్రాడు అరిచాడు, ఎంతా అని.
పొడవు, రెండు మీటర్లు,
మీద నాలుగిరవైల పది.