జమ

కాజీపేటల డీజిల్ కాలనీ వెనుక
పదికి పది అర్ర నాది.
గూడ్సు బండి పోయినంక రెండు నిమిషాల సందు దొరుకుతది,
ఆ సందులనే రికార్డింగు.
కిటికీకి బొంత గట్టిన, ఫ్యాను బంద్ జేసిన,
మూడో ఇంటి కుక్కకు బిస్కట్లు బాకీ ఉన్న.

పట్నం కంపెనీ ఆయనొచ్చిండు ఒకపారి.
పదిహేను పాటలకు బేరం.
కాగితం మీద నా పేరేదన్న.
“అదెందుకక్కా” అన్నడు.
చాయ్ తాపి పంపిన.

ఆ రాత్రే ఫోన్ల చెప్పిన:
నెలకు యాభై ఇయ్యుండ్రి,
అమాసకొక కొత్త పాట మీ ఇంటికొస్తది.
ఏడుగురొచ్చిండ్రు.
అండ్ల ఒకతి నా చెల్లె.

ఇప్పుడు మూడు వందల పన్నెండు.
అందరి పేర్లు లాంగ్ బుక్కుల రాస్త.
గోదావరిఖని కేతిరి మొండయ్య
నైట్ షిఫ్టు దిగినంకనే ఇంటడట,
చెవులల్ల మిషిని మోత కడుక్కోవాలె గద.
మండీబజార్ హనీఫా బేగం యాభై ఒకటి పంపుతది,
సున్న మీద ఆపొద్దంటది.
హుజూరాబాదు నుంచి పేరు రాయనోడు ఒకడు,
పదకొండు రూపాయలు, జీతం నాడు.

మా తాతకు మిరాశి ఊర్లుండె,
కిన్నెర భుజానేసి, చాటల వడ్లు వట్టెటోడు.
నాకు ఊర్లు లెవ్వు. బుల్‌బుల్ తార ఉన్నది,
దాని మూడో మీట ఇరుక్కుంటది.

హోళి దాటినంక రాళ్లవాన.
దుగ్గొండి అవతలి తండ నుంచి బానోతు హర్జ్యా:
“కల్లంల మిర్చి తడిసిందక్కా,
ఈ నెల నా పేరు కొట్టెయ్యి.
పాట పంపకు, ఊకెనే ఇన్నట్టయితది.”
పంపిన.
నాలుగు రోజులు తెరువలే.

ఐదో నాడు హన్మకొండ బస్టాండుల పార్సిలు.
చపాటా మిర్చి, రెండు కిలోలు,
తడువనియి ఏరి ఏరి పెట్టిండు.

బుక్కుల ఏం రాయాలె?
యాభై అంటే తప్పు,
వెయ్యి అంటే ఇంకా తప్పు.
“జమ: మిర్చి” అని రాసిన.
కూడిక ఆడనే ఆగింది.

పక్కింటి యాదమ్మకు సగం ఇస్తే
అప్పుడే రోట్లేసి దంచవట్టె.
గూడ్సు పోయింది. మీట నొక్కిన.
రెండో చరణం కాడ
బొంత సందుల నుంచి ఘాటు,
నా గొంతుల దగ్గు.
మళ్ల వాయిద్దామంటే ఇంటర్‌సిటీ టైమాయె.
అట్లనే పంపిన.

మూడు వందల మంది ఇన్నరు,
ఎవలేమనలే.
రాత్రి పదింటికి హర్జ్యా ఒక్కడే రాసిండు:
“ఘాటున్నదా అక్కా?”