సంబంధం ఉంటే వివరించండి

ఫారం మూడో పేజీ, ఏడో ప్రశ్న:
ఇల్లు అమ్ముతున్నవారు మీకేమవుతారు?
పక్కన జానెడు గీత.
భర్త, తమ్ముడు, వ్యాపారంలో వాటాదారు
ఎవరైనా ఆ గీత మీద ఇమిడిపోతారు.
ఫెనెల్లా పట్టదు.

ఇరవయ్యారేళ్లుగా పోర్ట్ చామర్స్‌లో ఇళ్లు అమ్ముతున్నాను.
ఈ ఏటవాలు వీధుల్లో ఏ రేకు కప్పుకి ఎప్పుడు రంగేశారో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
ఆ ఒక్క గేటు ముందు మాత్రం
తొమ్మిదేళ్లుగా గేరు మార్చి, తల తిప్పుకుని పోతున్నాను.

డబ్బు తగాదా కాదు. మగాడి గొడవ అసలే కాదు.
మా అమ్మని మట్టిలో పెట్టిన రోజు తను రాలేదు.
ఎందుకు రాలేదో నేను అడగలేదు.
అంతే.
ఆ తర్వాత సూపర్‌మార్కెట్లో
తను పాల వరుసలో ఉంటే
నేను సబ్బుల వరుసలోకి.
ఇంట్లో ఎన్ని సబ్బులు పేరుకున్నాయో.

ఇప్పుడు తుంటి విరిగి
తిమారులో మేనకోడలి దగ్గర ఉందట.
లాయరు పంపిన తాళాలు
నా బల్ల మీదే పడ్డాయి.

మా మేనేజరు బ్రెండన్‌కి ముప్పై నిండలేదు.
"చుట్టం కాదు, వాటా లేదు, మాటల్లేవు.
మాటల్లేనిదాన్ని సంబంధం అంటారా, ఊనా?
లేదు అని టిక్ పెట్టు. టీ చల్లారిపోతోంది."

పెన్ను ఆ గడి దాకా వెళ్లింది.
కానీ దక్షిణపు గాలి మొదలైతే
ఆ వంటింటి కిటికీ మూసుకోదు,
సందులో అట్టముక్క మడిచి దోపాలి.
ఆ మడత నాది.

వెనకగది వాల్‌పేపరు అంటించింది కూడా మేమిద్దరమే,
ముసురు పట్టిన ఓ శనివారం.
జిగురు జుట్టుకంటుకుని నవ్వలేక చచ్చాం.
చెమ్మని కప్పెడుతున్నామని తోచనేలేదు,
పువ్వులు బాగున్నాయనుకున్నాం.

ఇష్టమైనవాళ్ల ఇల్లయితే
ఏజెంటు పక్షపాతం చూపిస్తుందని కదా ఈ ప్రశ్న.
నా భయం వేరు.
"ఇంకో పదివేలు తగ్గించి అడగండి, ఒప్పుకుంటుంది" అని
కొనేవాళ్ల చెవిలో వేస్తానేమో.
లేదా, అంతకంటే హీనంగా,
తన తరఫున ఆఖరి డాలరు దాకా గీచి గీచి బేరమాడి
దాన్నే క్షమాపణ అనుకుంటానేమో.

తవితా రేవులో కంటెయినర్లు దించుతాడు.
లోసాకి ఆరో నెల.
వెనకగదిలో తొట్టి ఎక్కడ పడుతుందో
అడుగులు వేసి కొలుస్తోంది.
"మీకో మాట చెప్పాలి" అన్నాను.
"ఈ ఇంటావిడ నాకు..."
నోరు తెరిచాక మాట దొరకలేదు.
"ఒకప్పుడు తెలుసు."

లోసా కొలత ఆపింది.
"ఇప్పుడు తెలీదా?"
వేళాకోళం లేదు ఆ గొంతులో.
తెలుసుకుందామనే అడిగింది.

జవాబు చెప్పకుండా గోడ దగ్గరికి నడిచాను.
కిటికీ పక్కన పైకి లేచిన కొసని
గోటితో పట్టి లాగితే
బెత్తెడు కాగితం చేతికొచ్చింది,
పువ్వులు ఇటు, నల్లటి బూజు అటు.
"ఇది కూడా చెప్పాలి" అన్నాను.
తవితా వంగి వాసన చూశాడు.
కొంటారో కొనరో ఇంకా చెప్పలేదు.

సాయంత్రం ఆఫీసులో ఒక్కదాన్నే.
ఏడో ప్రశ్నకి, ఉంది.
గీత మీద రాశాను: స్నేహితురాలు.
ముందు "మాజీ" అని ఇరికించాను.
చూసి కొట్టేశాను.
కొట్టివేత ఎక్కడున్నా
పక్కన పొట్టి సంతకం పెట్టాలని మా ఆఫీసు నియమం.
పెట్టాను.

ఒక ప్రతి కొనేవాళ్లకి.
ఒకటి ఫైలుకి.
ఒకటి అమ్మేవాళ్లకి పోతుంది,
కొట్టేసిన మాట కిందనుంచి కనబడుతూనే.
తిమారుకి టపా
రెండు రోజులు.