అంచు

రాయి ఎంత ఎత్తుదాకా పెట్టీమంతావని
మేస్త్రి కూర్మన్న అడిగినప్పుడు
నా మెడలో టేపు వేలాడుతూనే ఉంది.
కిటికీ గట్టు దాకా, అన్నాను.
చీర అంచుకి ఒక లెక్కుంటుంది
సగం దాకా పాకితే
అది అంచూ కాదు, చీరా కాదు.

"గోడకి జాకెట్టు కుడతావేటమ్మీ?" అని నవ్వీసినాడు.
నవ్వితే నవ్వాడు గానీ
నా దగ్గరి చాకు ముక్కతోనే
గోడంతా గీత గీశాడు.

టెక్కలి కొండ నీలం రాయి.
పెద్ద పలకలు ఓడలెక్కి ఎటో పోతాయి
పాలిషు మిల్లు వెనక గుట్టలో
పెచ్చులు మాత్రం మనకి.
ట్రాక్టరు తొట్టిలో గలగలా వచ్చాయి,
వేలెడు మందం లేవు.
"ఇది గోడేనా, గోడకి తొడుగా?" అంది ఎదురింటి ముసలమ్మ.
తొడుగే. తొడుగులు కుట్టే బతుకులోంచి వచ్చిన డబ్బే.

పైన సిమెంటు పూత, గరుకు రంగు.
గుమ్మం పక్కన చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పట్టీలు,
అవి మా ఢిల్లేసు ముచ్చట.
శ్రీకాకుళం నుంచి ఆటో టాపు మీద కట్టుకొని
నలభై కిలోమీటర్లు పైగా
వాటినే తలుచుకుంటూ నడిపాడట.

రాయి మూల దాకా వచ్చి టక్కున ఆగింది.
పక్కనుంచి చూస్తే మందం తెలిసిపోతోంది
అట్టముక్క అంటించినట్టు.
"కూర్మన్నా, అంచు లోపలికి మడవకుండా
ఎవరైనా వదిలేస్తారా?"
తాపీ కింద పెట్టాడు, బీడీ ముట్టించాడు.
"మూల తిప్పాలంటే ఇంకో అరబండి రాయమ్మీ."

అరబండి అంటే
పెళ్ళిళ్ళ నెలలో పదిహేను రాత్రుల మిషను.
నీళ్ళ డ్రమ్ము వెనకాల, ఎవరూ చూడని చోట
పచ్చిగా ఉన్న రాళ్ళు ఊడబీకించాను.
అవే మూల తిరిగి మూరెడు దూరం నడిచాయి.
ఇప్పటికీ డ్రమ్ము జరిపితే
మా ఇంటి లైనింగు కనిపిస్తుంది.

రాయికీ పూతకీ నడుమ సన్నని సందు వదిలాడు.
"రెండిటినీ బిగించి కలిపీకూడదు.
ఎండకి ఇది ఒకలాగ సాగుతాది, అది ఒకలాగ.
బిగిస్తే కుట్టు పగిలిపోతాది."
నూలుకి పట్టు జోడిస్తే
మొదటి ఉతుకులో ఏమవుతుందో నాకు తెలుసు.
నేనూ ఢిల్లేసూ
ఆ మాటకి ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

తిత్లీకి ఎగిరిపోయి
జీడితోటలో దొరికిన పాత రేకుంది కదా,
దాన్ని పట్టీలుగా కత్తిరించి
ఆ సందు మీద వాలుగా గొడుగు పట్టాడు.
కొత్తింటికి పాత రేకేమిటని ఢిల్లేసు గునిశాడు.
నీలం రంగు వేస్తే నోరు మూశాడు.

మొదటి వాన రాత్రి పడింది.
లైటేసి బయటికి వచ్చాం ఇద్దరం.
పూత మీంచి జారిన నీళ్ళు
రేకు కొసన ఆగి, దూకి,
రాయికి దూరంగా మట్టిలో పడుతున్నాయి.
జల్లుకి తడిసిన రాళ్ళలో మాత్రం
పగలెప్పుడూ కనపడని నీలం చుక్కలు.
ప్లాస్టిక్ పట్టీలు ఎప్పట్లాగే ఉన్నాయి,
ఆ మాట నేను అనలేదు.

ఒక్క పెచ్చు మిగిలింది.
కటింగు బల్ల మీద, ఫ్యాను గాలికి
గుడ్డ ఎగరకుండా పెట్టుకున్నాను.
జాకెట్టు కొలతలకి వచ్చిన కొత్త పిల్ల
చేత్తో తడిమి, ఇదేటి అక్కా అంది.

మా ఇల్లు, అన్నాను
నోట్లో గుండుసూదులు ఉండగానే.