ఆరో ప్రశ్న

లేవార్డెన్ ఆసుపత్రి, రెండో అంతస్తు, కీళ్ల విభాగం.
కిటికీ అవతల కాలువ మీద వాన
ఏ తొందరా లేకుండా పడుతోంది.
ఫోక్యె త్యాల్మా, డెబ్బై ఒకటి,
ముప్ఫై నాలుగేళ్లు వంతెన కాపలా.
తడి కోటు విప్పడానికి ఆమెకు పట్టిన సేపూ
నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.
వెలిగే పలక చేతికివ్వడం,
మొదటి ప్రశ్న వచ్చేదాకా పక్కన నిలబడ్డం నా పని.

"మళ్లీ వంద ప్రశ్నలా?"
"కాదు, ఇది మీ జవాబు చూసి
తరవాత ఏమడగాలో తేల్చుకుంటుంది"
అన్నాను, కరపత్రంలో ఉన్నట్టే.

మొదటిది ఎప్పుడూ నడిమెట్టు మీద నిలబడి అడుగుతుంది:
ఒక అంతస్తు మెట్లు ఎక్కగలరా?
ఆమె వేలు కాసేపు గాలిలో ఆగి
'చాలా కష్టంతో' మీద వాలింది.
అంతే. పై మెట్ల ప్రశ్నలన్నీ చప్పుడు లేకుండా తప్పుకున్నాయి.
ఐదు కిలోమీటర్ల పరుగు, బరువు పెట్టె మోత
ఇక ఆమె జోలికి రావు.
యంత్రం కిందికి దిగింది:
కుర్చీలోంచి లేవగలరా?
ఇంకా కిందికి: చొక్కా బొత్తాలు?
కొంచెం పైకి: సీసా మూత?
కరెంటు పోయిన గదిలో
గోడ తడుముతూ తలుపు వెతుక్కునే చెయ్యిలా.

ఐదో జవాబుకి తెర తెల్లబడింది.
పూర్తయింది, ధన్యవాదాలు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
కుండంతా పిసకక్కర్లేదు, ఒక్క మెతుకు చాలంటారు.
దీనికి ఐదు మెతుకులు.
మిగతా నూట పదహారు ప్రశ్నలూ
మడత విప్పని బట్టల్లా లోపలే ఉండిపోయాయి.
ముప్ఫై ఒకటి అని వచ్చింది.
పక్కన ఇంకో చిన్న అంకె:
తన లెక్క ఎంతవరకు తప్పొచ్చో
యంత్రం తానే చెప్పేసుకుంటుంది.
ఆ వినయం నాకిష్టం. డాక్టర్లలో తక్కువ.

ఫోక్యె పలక తిరిగి ఇవ్వలేదు.
"ఆరోది ఏది?"
"అక్కర్లేదు, దానికి తెలిసిపోయింది."
"ఏం తెలిసింది?"

గాలం కర్ర, దానికి తాడు,
తాడు చివర ఒక చెక్కచెప్పు.
వంతెన లేచాక కింద పడవ కదిలిపోతుంటే
ఆ చెప్పు పడవవాడి రొమ్ము ఎత్తున ఊగాలట.
సుంకం నాణెం చెప్పులో పడాలి, నీళ్లలో కాదు.
గాలి ఎటు, పడవ ఎంత జోరు,
వాడు తాగున్నాడా, బేరమాడతాడా
అన్నీ మణికట్టుకే తెలియాలి.
"మొన్న వేసవిలో చెల్లెలి మనవడు యెల్మెర్
చూపించమని కర్ర చేతికిచ్చాడు.
చెప్పు వెళ్లి బాతుకి తగిలింది."
నవ్వింది. నేనూ నవ్వాను.
ముందు ఆపింది ఆమే.
"అది అడుగుతుందేమోనని ఎదురు చూశాను."

ఎలా అడుగుతుంది?
వేలమంది మీద గీటు పెట్టి చూసి
అందరికీ ఒకే అర్థమిచ్చే మాటల్నే ఉంచుకున్నారు.
చెక్కచెప్పు మొదటి వడపోతలోనే పోతుంది.
అయినా నిష్ఠూరమాడలేను.
పోయినేడు కాగితాల మీద, నాలుగు పేజీలు.
మూడో పేజీ మధ్యలో ఆమె కలం కింద పెట్టేసింది,
వేళ్లు పట్టలేక. నొప్పి గురించి అడగడానికి
నొప్పే పెట్టాం మేము.
ఆ సగం కాగితం ఇంకా నా సొరుగులో ఉంది,
ఎందుకుంచానో తెలీదు.

పేరు పిలిచారు. ఆమె లేచింది,
రెండో ప్రశ్నకి చెప్పిన జవాబు ప్రకారమే,
రెండు చేతులూ ఊతగా.
అంకె ఆమెకన్నా ముందే
డాక్టర్ వీబ్రెన్ తెర మీద కూర్చునుంటుంది.

'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంటుంది,
ఎవరూ నింపరు.
అందులో రెండు మాటలు కొట్టాను:
చెక్కచెప్పు. బాతు.

కాసేపటికి తలుపు సందులోంచి
వీబ్రెన్ గొంతు, కళ్లజోడు పైకి నెట్టుకుంటూ కాబోలు,
"అవునూ, ఈ బాతు సంగతేంటి?"