నాటు పొగాకు

నాన్న పోయిన ఏడో రోజున
మామయ్య అరచేయంత దేవదారు ముక్క చెక్కి
కళ్ళకు రెండు గాట్లు పెట్టి
నోటికి ఒక రంధ్రం తొలిచాడు.
ఇండెకా అవ్వ డప్పు కొట్టి
నాన్నని పిలిచి అందులో కూచోబెట్టింది.

ఆనాటి నుంచి ఏడాదిన్నర
ఆ బొమ్మ మా ఇంట్లో ఓ మనిషి.
అమ్మ పొద్దున్నే దానికి చేపల పులుసు పెట్టేది.
రాత్రి పైపు ముట్టించి
నోటి రంధ్రంలో గుచ్చేది.
పొగ లేస్తే "తాగుతున్నాడు" అనేది మెల్లగా,
బళ్ళో చెప్పావంటే చూడు అని
కళ్ళతోనే బెదిరిస్తూ.
దుప్పటిలో సగం దానిది.

నాకప్పుడు పదకొండేళ్ళు.
నాన్న చేతులు పెద్దవి. బొమ్మకి చేతులే లేవు.
నేను దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు.

ఆమూరు నది రెండోసారి గడ్డకట్టాక
అవ్వ మళ్ళీ వచ్చింది,
ఉప్పుచేపల పీపా అడుగున డప్పు దాచుకుని.
కిటికీలకి గొంగళ్ళు కట్టాం.
సమిష్టి క్షేత్రం అధ్యక్షుడు పాస్సార్ కూడా వచ్చాడు.
టోపీ తీసి, తలుపు వారన,
తను అక్కడ లేనట్టే కూచున్నాడు.
అతని కొడుకూ అదే పడవలో ఉన్నాడు.
వాళ్ళింట్లో బొమ్మ చెక్కలేదు.

అవ్వ పొయ్యి దగ్గర డప్పు కాచింది.
నడుముకి ఇనప గంటలు బిగించింది.
"వెళ్తున్నా" అని
ఉన్నచోటే ఉండి బయల్దేరింది.
కుక్కల బండి తోలింది. ముందు కుక్కని బూతులు తిట్టింది.
ముళ్ళు గీరుకుంటే ఉస్సుమంది.
దారిలో మా మేనత్త కనబడిందట,
అక్కడా నత్తి పోలేదట.

డప్పు ఆగింది.
"ఇక్కడొకడున్నాడు. ఒళ్ళంతా నీళ్ళోడుతోంది.
ఎడమ బొటనవేలికి గోరు లేదు.
మీవాడేనా?"

ఇల్లంతా అమ్మ వైపు తిరిగింది.
ఆనవాలు ఒప్పుకోవలసింది ఆమే.
అవునంటే చాలు, అవ్వ అతన్ని బండెక్కిస్తుంది,
పోయినవాళ్ళ ఊళ్ళో దింపి వస్తుంది.

"కాదు" అంది అమ్మ.
"మా ఆయనకి అన్ని గోళ్ళూ ఉన్నాయి."

వలతాడు ఆ గోరు ఊడబెరికిన రోజు
గుడ్డ కట్టింది నేనే.
నోరు తెరవబోతే మామయ్య నా మోకాలు నొక్కాడు.

"కత్తి ఎడమచేత్తో పడతాడు.
పాడటం రాదు, అయినా పాడతాడు."
"కాదు."
"నిద్రలో కుక్కని పేరు పెట్టి పిలుస్తాడు."
"ఎవరో వేరేవాళ్ళై ఉంటారు."

డెబ్బై ఆరేళ్ళ మనిషి.
చెమట గడ్డం మీంచి డప్పు మీద పడుతోంది.
అబద్ధమని ఆమెకి తెలుసు, అందరికీ తెలుసు,
ఎవ్వరూ అనలేదు.

అవ్వ నేలకి చెవి ఆనించి
చాలాసేపు విన్నది.
"వీడు కోపంగా ఉన్నాడు.
పోయిన చలికాలం నుంచీ పైపులో పొగాకు లేదట,
ఎండిన విల్లో ఆకు కూరుతున్నారట.
దగ్గొస్తోందట, చచ్చాక కూడా."

అది నాక్కూడా తెలీదు.

అమ్మ బొమ్మ వైపు తిరిగింది.
"దుకాణంలో లేదు. పడవలు రాలేదు.
నన్నేం చేయమంటావు?"
కాసేపాగి,
"ఎప్పుడూ ఇంతే. ఏం పెట్టినా వంకే."
నవ్వొచ్చేసింది ఆమెకి. చేత్తో నోరు మూసుకుంది,
వేళ్ళ సందుల్లోంచి అంది:
"అతనే."

పాస్సార్ లేచి వచ్చి
జేబులోంచి నాటు పొగాకు పొట్లం తీశాడు.
అమ్మ పైపు నిండా దట్టించింది.
ఆ రాత్రి పొగ చాలా ఘాటు,
అందరం దగ్గాం.

తెల్లారేసరికి అవ్వ తిరిగొచ్చింది, ఒక్కతే.
బొమ్మని పొయ్యిలో పెట్టేముందు
అమ్మ నా చేతికిచ్చింది.
తేలిగ్గా ఉంది.
ఉత్త చెక్కలాగే మండింది.

అందరూ వెళ్ళిపోయారు.
పాస్సార్ ఇంకా తలుపు దగ్గరే
ఖాళీ పొట్లం మడతపెడుతూ, విప్పుతూ.
"మావాడికి పొగ అలవాటు లేదు" అన్నాడు.
"వాడికేం పెట్టాలి?"

అమ్మ అతని పక్కన కూచుంది.
"ఏం ఇష్టమో చెప్పు" అంది.