అసలుతో సరిచూడబడినది

పదకొండున్నరకు తెర నల్లబడ్డది.
నెమలి బొమ్మ పోయింది, మా బిడ్డ పెట్టిన నెమలి.
కింద కుడిమూలకు చిన్న అక్షరాలు:
ఈ కాపీ అసలైనది కాదు.

నాంపల్లి కోర్టు గోడకు ఆనుకొని ఉంటది నా దుకాణం.
ఎనిమిది అడుగుల వెడల్పు, అందుల సగం జిరాక్సు మిషనే.
పొద్దంత నేను చేసేదే కాపీలు.
ఒక్కోదాని మీద రబ్బరు ముద్ర కొట్టిస్త:
"అసలుతో సరిచూడబడినది."
ముద్ర నాది, సంతకం నోటరీ సాబుది.
పన్నెండేండ్లల్ల ఒక్కలన్న అడగలే, ఏదీ నీ అసలు? అని.
ఇయ్యాల నా మిషనే అడిగింది.

ఎదురుంగ స్టూలు మీద జియాగూడ ముసలమ్మ.
ఆధార్ల మల్లమ్మ, రేషన్ కార్డుల మల్కవ్వ,
రోడ్లూడ్చి సచ్చిపోయిన మొగని పింఛను కాగితంల మల్లుబాయి.
ముగ్గురం గాదు, ఒక్కదాన్నే అని
వంద రూపాయల బాండు మీద ప్రమాణం చెయ్యాలె.
యాభై ఏండ్లు గిన్నెలు తోమిన బొటనవేలు,
మిషన్ మీద పెడితే గీతలే దొరుకుతలేవట.

సీటీసీ నుంచి ముస్తఖీమ్ వచ్చిండు,
స్క్రూడ్రైవరు చెవి మీద, పెన్ను లెక్క.
ముందుగాల గడియారం చూసిండు.
"అక్కా, నీ దాంట్ల ఇంక రెండువేల తొమ్మిదే నడుస్తుంది."
లోపల రూపాయి బిళ్ళంత సెల్లు, సచ్చి ఎన్నాళ్ళాయెనో.
నలభై రూపాయలకు కాలం ముందలికొచ్చింది.
నలుపు మాత్రం పోలే.

డబ్బా పక్కకు తిప్పి ఫోను లైటు కొట్టిండు.
అక్కడొక స్టిక్కరు. ఇరవై అయిదు అక్షరాలుండాలె దాని మీద.
నేనే తుడిచిన.
ప్రతి శుక్రారం, బొట్టు పెట్టేముందు, తడిబట్టతోని,
భక్తిగ తుడిచి తుడిచి
దాని పేరు నేనే చెరిపేసిన.
"ఇది బీ నా, ఎనిమిదా?"
"ఇది జీ నా, ఆరా?"
ఒకటి కొడ్తడు, కాదంటది.
ఇంకోటి కొడ్తడు, గదీ కాదంటది.
ముసలమ్మ స్టూలు జరుపుకొని దగ్గరికొచ్చి చూస్తుంది,
రేషన్ దుకాణంల తన వేలును చూసుకున్నట్టు.

పదమూడోసారి అయినంక ముస్తఖీమ్ చాయ్ తాగిండు.
గొంతు తగ్గించిండు:
"మూడొందలియ్యి. తాళం సంగతే అడగకుండ చేస్త.
నక్లీయే గానీ అస్లీ అనే చెప్తది, జిందగీ మొత్తం."

కొన్నప్పుడు అసలుదే కొన్న. బిల్లు కూడ దాచిన.
తీసి చూస్తే తెల్లగుంది, ఒక్క అక్షరం లేదు,
మిషన్ బిల్లు గద, వేడికి ఎగిరిపోయినయ్.
అసలుదాన్ని అసలు అనిపిచ్చెతందుకు
నకిలీ చెయ్యాల్నా?
వద్దన్న.
ఎందుకన్ననో నాకే తెల్వది.
మూడొందలు లేకనే గావచ్చు.

నల్లతెర మీదనే ఫైలు తెరిచిన. తెరుచుకున్నది.
అక్షరాలు ఎప్పటిలెక్కనే పడ్డయ్:
"పైన రాసిన మూడు పేర్లూ నావే. వేరే మనిషి లేదు."
బాండు కాగితం ప్రింటర్లకు పోతుంటే
ముసలమ్మ తెర మూలకు వేలు చూపింది.
"గా కింద ఏం రాసుంది బిడ్డా?"
"నేను అసలుదాన్ని గాదు అంటుంది అవ్వా."
"అదే జెప్పుకుంటుందా?"
"ఊఁ."
జరసేపు ఆలోచించింది.
"గట్ల జెప్పుకునేది అబద్ధమాడదు తియ్యి.
నా ముచ్చట మంచిగనే రాసుంటది."

నోటరీ సాబు చదవకుండనే సంతకం పెట్టిండు.
జతచేసే మూడు జిరాక్సులు ముందరేసుకొని
ముద్ర తీసి ఇంకు అద్దిన.
ఇన్నేండ్లల్ల మొదటిసారి
కొట్టేముందు తలెత్తి మనిషి ముఖం చూసిన.
ఒకటి. రెండు.
మూడోది జర వంకర పడ్డది.