ఏ దశలో?

డులూత్‌లో ఫిబ్రవరి. సరస్సు గడ్డకట్టింది.
ఇనుపఖనిజం ఓడలు రేవులోనే మంచుకి కరుచుకుని ఉన్నాయి.
ఆసుపత్రి నేలమాళిగలో, హీటరు పక్కన,
మార్లిస్ ఓస్ట్రాండర్ ఒక మనిషి గొంతు చదువుతోంది.

మనిషిని చూడలేదు. చూడదు కూడా.
తోయివో లెహ్టినెన్, డెబ్బై తొమ్మిది.
ముప్పై ఏళ్లు ఆ ఓడల్లో వంట చేశాడు.
పక్షవాతం వచ్చి పదకొండు వారాలు.

డాక్టరు రాసింది రెండే మాటలు:
మింగడం కష్టం.
దానికీ ఒక కోడ్ ఉంది,
ఆర్ పదమూడు పాయింట్ ఒకటి, సున్నా.
ఆ చివరి సున్నాకి అర్థం:
ఎక్కడో చెప్పలేదు.

థెరపిస్టు రాసిన పేజీ అలా లేదు.
పలచటి నీళ్లు: రెండో గుటకకే పొలమారింది.
చిక్కబెట్టినవి: దిగాయి, ఆలస్యంగా.
నాలుక మొదట్లో బేరియం తెల్లగా మిగిలింది,
గిన్నె అడుగున గంజిలా.
చివర, ఏ ఫారమూ అడగని వాక్యం ఒకటి:
"కాఫీ అడిగాడు. చిక్కబెట్టి ఇస్తే
ఇది కాఫీ కాదు, ఓడకి వేసే రంగన్నాడు."

మార్లిస్ ఒక్కతే నవ్వింది.

కానీ థెరపిస్టు మాట మీద కోడ్ వేయకూడదు.
డాక్టరే అనాలి.
డాక్టరు చేత అనిపించనూ కూడదు.
నోరూ గొంతూ కలిసే చోటే కదండీ, అంటే తప్పు.
తెలిసినదంతా నాలుక కింద దాచుకుని
తెలియనట్టు అడగాలి:
ఏ దశలో? దేని వల్ల?

అడిగింది.
ఒక రోజు. రెండు రోజులు.
"సున్నా వేసి వదిలెయ్, బిల్లు ఆగిపోయింది" అన్నాడు సూపర్‌వైజరు.
సున్నా వేస్తే ఎవరూ చావరు, ఆమెకి తెలుసు.
థెరపీ నాలుగు వారాలు కోస్తారేమో, అంతే.
ఆ అంతే మాత్రం
ఆమెకి మింగుడు పడలేదు.

ఈ మాటలు రాస్తున్న భాషలో
పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు,
నెత్తి మీద తడతారు.
ఆ మాట మార్లిస్‌కి తెలియదు, తోయివోకీ తెలియదు.
ఆ రెండు రోజులూ
ఊరవతల గదిలో అతను దగ్గుతూనే ఉన్నాడు.

మూడో రోజు జవాబు:
నోరు, గొంతు దశ. పక్షవాతం మిగిల్చినది.
ముందు కారణం వేసింది, తర్వాత దశ.
సున్నా ఉన్నచోట రెండు.

చల్లారిన కాఫీ అందుకుంది.
నాలుక ఎప్పుడు లేస్తుందో,
లోపలి మూత ఎప్పుడు పడుతుందో
ఈసారి గమనిద్దామనుకుంది.

అప్పటికే దిగిపోయింది.